కరగని బిళ్ళ

మా మరిది మొన్న ఆదివారం పొద్దున పోయాడు. మార్కాపురం పలకల కార్ఖానాలో రాయి కోసినవాడు గనక, దుమ్ము పట్టి పోయాడని కొందరన్నారు. ఎక్కువమంది క్షయ అన్నారు. అని ఊరుకోలేదు, మా ఇంట మంచినీళ్లు ముట్టడం మానేశారు. బడిలో వాడి పిల్లలను విడిగా కూర్చోబెట్టారు. అందుకే చెప్పి రాయిస్తున్నాను. నాకు అక్షరం రాదు. జరిగింది మాత్రం కళ్లారా చూశాను.

నేను కాపురానికొచ్చేనాటికి వాడు చిన్నపిల్లవాడు. నా చేతిమీదే పెరిగాడు. పెద్దయ్యాక అంచులు విరిగిన పలకలు తెచ్చి వీధి పిల్లలకు పంచేవాడు. దుమ్మంటే పగ. ముక్కుకు తడిగుడ్డ కట్టందే రాయి ముట్టడు. నేను చీపురు పడితే చాలు, "నీళ్లు చల్లి ఊడ్చు వదినా, ఇంట్లో గూడా కార్ఖానా పెడతావా ఏంది?" అని అరిచేవాడు.

వంగి వంగి నడుము పట్టేసింది. డాక్టరు మింగమని బిళ్ళలిచ్చాడు. మా వైపు సూది వేస్తేనే వైద్యం. బిళ్ళ ఇస్తే చేతులు దులుపుకున్నట్టే. వీడు సూది సంపాదించి, ఆ బిళ్ళలే నూరి నీళ్లలో కలిపి నరానికి ఎక్కించుకోసాగాడు.

"మింగే మందబ్బయ్యా అది!" అన్నాను.

"మింగితే పొట్టే తినేస్తాది వదినా. నెత్తుట్లో కలిస్తే నేరుగా నొప్పికాడికి పోతాది."

"దారి చెప్పి పంపిస్తాండావా దానికి?"

నవ్వేశాడు. నొప్పి తగ్గేది మరి.

కొన్నాళ్లకు ఆయాసం మొదలైంది. బస్సు మెట్టెక్కాలన్నా ఆగి ఊపిరి తీసుకునేవాడు. కర్నూలు తీసుకుపోయాం. అక్కడి డాక్టరు రొమ్ము ఫోటో తీయించాడు, కళ్లె పరీక్ష చేయించాడు, క్షయ లేదన్నాడు. చేతిమీది మచ్చలు చూసి అడిగితే మరిది దాచలేదు.

"బిళ్ళలో మందు కొంచెమే. మిగతాది సుద్దలాంటి పొడి. నీళ్లలో కరగదు. నరంలోంచి పోయి ఊపిరితిత్తుల్లో ఇరుక్కుంది. తీయలేం" అన్నాడు డాక్టరు.

బయటికొచ్చాక వాడన్నాడు: "ముక్కుకు గుడ్డ కట్టుకుంటిని గదా వదినా. దుమ్ము సూదిలోంచి వస్తాదని నాకేం ఎరుక?"

మళ్లీ సూది ముట్టలేదు. పోయిన ఊపిరి మాత్రం తిరిగి రాలేదు.

నిన్న ఎదురింటామె గడప అవతలే నిలబడి, "క్షయేనంట గదా అక్కా" అంది. చెయ్యి పట్టి లోపలికి లాగాను. వాడు మిగిల్చిన బిళ్ళ నూరి గాజుగ్లాసు నీళ్లలో కలిపి కిటికీలో పెట్టాను.

"కూచో. మావాడు నూరి నరానికెక్కించుకున్న బిళ్ళ అది. కరిగినాక పోదువుగాని."

నీళ్లు తేటపడ్డాయి. తెల్లపొడి అడుగున దిగి ఉండిపోయింది. ఆమె దాన్నే చూస్తూ కూర్చుంది. కాసేపటికి, "గొంతెండుతాంది, మంచినీళ్లియ్యక్కా" అంది.

కుండలోంచి ముంచి ఇచ్చాను. తాగింది.

బిళ్ళ కలిపిన గ్లాసు ఇంకా కిటికీలోనే ఉంది, అడుగున ఆ తెలుపుతో.