దిబ్బరొట్టె మీద లిటరేచర్ సెర్చ్

మొన్న ఆదివారం నా నోటికాడి ముద్ద నేనే ఎలా లాగేసుకున్నానో చెప్తాను, వినండి.

హైటెక్ సిటీలో నా ఉద్యోగం మీకు తెలుసుగా. డాక్టర్ల ప్రశ్నలకి మెడికల్ జర్నల్స్ వెతికి జవాబులు పంపడం. కొత్తగా చేరినవాళ్ళకి మొదటి పాఠం నాదే. "ముందు కీబోర్డు మీంచి చేతులు తియ్యండి. పేషెంట్ ఎవరు? ఏ మందు? దేంతో పోల్చాలి? ఏం తగ్గాలి? ఇవి తేలాకే సెర్చ్" అంటాను, పెద్ద టీచరమ్మలా.

శనివారం నిజాంపేట నుంచి మా పిన్ని ఫోన్ చేసింది. ఈ ఊరొచ్చిన కొత్తలో నేను వాళ్ళింట్లోనే ఉండేదాన్ని. ఆదివారం పొద్దున్నే మినప్పప్పు రుబ్బి, బియ్యపు రవ్వ కలిపి, ఇనప మూకుడులో దిబ్బరొట్టె వేసేది. ఆ వాసనకే మెలకువ వచ్చేది నాకు. ఎర్రగా కరకరలాడే అడుగు ముక్క కోసం బాబాయితో పోట్లాడేదాన్ని. ఇప్పుడు నల్లగండ్లలో నా వంటింట్లో ఎన్ని హంగులున్నా ఆ రొట్టె మాత్రం కుదిరి చావదు. ఎన్నేళ్ళయిందో తిని! మర్నాడు వాళ్ళింటికే వెళ్తున్నాను, ప్రాణమంతా దాని మీదే ఉంది.

"ఏమే, షుగర్ ఉన్నవాళ్ళు దిబ్బరొట్టె తినొచ్చా? నువ్వు చూసేవి అవే కదా" అంది పిన్ని.

బాబాయికి ఎప్పట్నుంచో షుగర్. ఆయన కోసమే అనుకున్నాను. ఇంకేముంది, లంచ్ కూడా మానేసి వెతికాను. దిబ్బరొట్టె మీద పేపరు ఎవరు రాస్తారండీ? బియ్యం మీద దొరికినవన్నీ చదివి, ఫోన్లో పిన్నికి క్లాసు పీకాను. అడిగినా పెట్టొద్దన్నాను, జాలిపడితే పాపం నీదేనన్నాను.

ఆదివారం తలుపు తియ్యగానే అదే వాసన. బాబాయి అడుగు ముక్క తింటున్నాడు. నా ముందు రాగిజావ గ్లాసు పెట్టింది పిన్ని.

ఇదేంటన్నాను.

"ఆయనెంత తినాలో ఆయన డాక్టరు చెప్పాడు. నేనడిగింది నీ గురించే. మీ ఆఫీసు చెకప్‌లో నీకు షుగర్ బోర్డర్లో ఉందటగా, మీ అమ్మ చెప్పింది. నీకోసమే పప్పు నానబోశాను. నువ్వేమో వద్దన్నావు."

ఆ రిపోర్టు సంగతి నేనే మర్చిపోయాను. ఇన్నేళ్ళయినా నాకోసం పప్పు నానబోసిందంటే కళ్ళు చెమర్చాయి. ఒక్క ముక్క పెట్టమని బతిమాలాను.

"జాలిపడితే పాపం నాదేనన్నావుగా" అంది.

సోమవారం కొత్త బ్యాచ్‌కి పాఠం మార్చి చెప్పాను. పేషెంట్ ఎవరో ముందు అడక్కపోతే రాగిజావే గతి అన్నాను. పాపం, అందరూ శ్రద్ధగా రాసుకున్నారు.