కోటు సిపాయి కుడిచెయ్యి

దేవదాసుకు కోపం ముక్కు మీద ఉంటుందని అనేవాళ్లు అతన్ని సరిగా చూడలేదు. ముక్కు మీదే ఉంటే ఒక తుమ్ముకు పోయేది. అది ఒళ్లంతా ఉంది. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి ఒమన్ వచ్చి, అల్ అమెరాత్‌లో కట్టే ఇళ్లకు గోడ పూతలు పూస్తూ ఏళ్లు గడిపిన ఈ తాపీ మనిషి, ఉప్పు తక్కువైన పప్పు మీదా, ఏసీ మోత మీదా, పక్క మంచం గురక మీదా ఒకే తీరుగా మండిపడేవాడు. తాపీ చేతిలో ఉన్నంతసేపే చల్లగా ఉండేవాడు. ఇప్పుడు ఆ తాపీ చేతిలో లేదు.

చలికాలం చివర్లో రెండో అంతస్తు బయటి గోడకు పూత వేస్తుంటే కాళ్ల కింది పలక జారింది. కింద పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఆ పలకను ఇనుప గొట్టాలకు వైరుతో బిగించింది మేస్త్రీ గంగాప్రసాద్. "నేనే కట్టిన, ఎక్కు" అన్నదీ అతనే. తీరా కంపెనీవాళ్లు అడిగితే, దేవదాసు ఫోన్ చూసుకుంటూ అడుగు తప్పాడని చెప్పాడు. ఇద్దరిదీ ఒకే మండలం. అంతవరకు "అన్నా" అని పిలిచిన దేవదాసు ఆనాటి నుంచి "మేస్త్రీ" అనసాగాడు. వినేవాళ్లకు అది మర్యాదలా ఉండేది. అది తిట్టు అని వాళ్లిద్దరికే తెలుసు.

కట్టు విప్పేసరికి వేళ్లు కొయ్యబారి ఉన్నాయి. సైట్ గేటు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టారు. బక్రీద్ సెలవులు అయిపోగానే గోడ దగ్గర టెస్టు పెడతాననీ, తాపీ నిలవకపోతే వీసా రద్దు చేయించి ఎగ్జిట్ మీద ఇంటికి పంపించేస్తాననీ గంగాప్రసాద్ అందరి ముందూ చెప్పాడు.

"చెయ్యి పనికిరానోనికి కంపెనీ ఊకె కూసోబెట్టి తిండి పెడ్తదారా?"

పూత పని తప్ప ఇంకో పని రాని మనిషి, చచ్చుపడిన చెయ్యితో ఊరికి పోయి ఎవరి గోడ ఎక్కుతాడు? దేవదాసుకు లోపల భయం పట్టుకుంది. భయమని ఒప్పుకునే రకం కాదు గనక దాన్నీ కోపంలోనే కలిపేసుకున్నాడు.

ఆస్పత్రిలో వేళ్లకు కసరత్తు చేయించే సిస్టరమ్మ, రోజూ ఏదో ఒక సన్నపని చేయమంది. పూసలు గుచ్చమంది, గుండీలు కుట్టమంది. ఆరుగురు మగవాళ్లుండే రూమ్‌లో పూసలు గుచ్చుతూ కూర్చుంటే ఇంకేమన్నా ఉందా? సిస్టరమ్మను మనసులో నాలుగు తిట్టుకుని బయటపడ్డాడు. రూమ్‌కి వచ్చే దారిలో ఎహసాన్ దుకాణం కనిపించింది.

ఎహసాన్ హైదరాబాద్‌వాడు. పిల్లల పుస్తకాలు, బొమ్మలు అమ్ముతాడు. అద్దాల బీరువాలో అతని దగ్గర ప్లాస్టిక్ సిపాయిల పెట్టెలున్నాయి. సిపాయిలు అందులో ముక్కలుగా వస్తారు. చేతులు, కాళ్లు, తల, తుపాకీ విడివిడిగా కోసుకుని, అతికించి, రంగు వేసుకోవాలి. పూసలకన్నా ఇది వెయ్యిరెట్లు నయమనుకున్నాడు దేవదాసు. సిపాయిని చేస్తుంటే నవ్వే మొనగాడెవడు?

ఒక పెట్టెలో ఒకే ఒక సిపాయి. ఇంకో పెట్టెలో పటాలానికి పటాలం. ధరలో పెద్ద తేడా లేదు. ఇన్నేళ్లూ పొద్దున్నే బస్సు దగ్గర తలలు లెక్కపెట్టించుకున్న మనిషికి, తలలు ఎక్కువున్న పెట్టే లాభసాటిగా తోచింది.

"అరె భాయ్, అది నయా ఆద్మీకి పరేషాన్ చేస్తది. ఒక్కడున్న డబ్బా తీస్కో" అన్నాడు ఎహసాన్.

"నువ్వు అమ్మెటోనివా, వద్దనెటోనివా?"

ఎహసాన్ పెట్టె ఇచ్చేశాడు.

ఆ సిపాయిలు బొటనవేలి గోరును మించి లేరు. మామూలు వేళ్లకే చిక్కరు, ఇక దేవదాసు వేళ్లకేం చిక్కుతారు? ఒకడు మంచం కిందికి దొర్లాడు, ఒకడు చాయ్ గ్లాసులో పడ్డాడు. ఎలాగో ఒకణ్ణి పట్టుకుని జిగురు పెట్టాడు. ఇటుకకూ ఇటుకకూ మధ్య మాలు నిండుగా ఉండాలి, సందు మిగిలితే అది గోడే కాదు. అతని చేతులకు తెలిసిన చదువు అదొక్కటే. ఆ లెక్కనే జిగురు దట్టించాడు. అదేమో ప్లాస్టిక్‌ను కాస్త కరిగించి పట్టుకునే జిగురు. చూస్తుండగానే సిపాయి మొహం, తుపాకీ, మోకాళ్లు ఎండలో పెట్టిన బెల్లంలా ఒకటైపోయాయి. రూమ్ రూమంతా పొర్లి పొర్లి నవ్వింది. ఫోన్‌లో ఈ సంగతి విన్న భార్య రజిత మాత్రం నవ్వలేదు.

"నీ కోపం కూడ గట్లనే కరిగిపోతె మంచిగుండు" అంది.

ఆ ముద్దను జేబులో వేసుకుని ఎహసాన్ మీదికి యుద్ధానికి పోయాడు. ఎహసాన్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నేను చెప్పిన్నా లేదా? ఇప్పుడైనా విను. గుర్రమెక్కినోణ్ణి ముట్టకు, వాని లగాములే నీ జాన్ తీస్తయ్. పట్టీలు, బిళ్లలు మస్తుగున్నోడు వద్దు. నిలబడ్డోణ్ణి, అరచెయ్యంత ఉన్నోణ్ణి, పొడుగు కోటు తొడుక్కున్నోణ్ణి తీస్కో. తక్కువ ముక్కలు, కోటు కింద అతుకులన్నీ దాక్కుంటయ్. జిగురు సూదిమొనంత చాలు."

దేవదాసు కృతజ్ఞత చెప్పలేదు. అలాంటి అలవాటు అతనికి లేదు. కానీ కోటు సిపాయిని పట్టుకొచ్చాడు.

కోటు అంటే గోడే. మెడ నుంచి మడమ దాకా నున్నటి గోడ. దాని మీద అచ్చు వదిలిన గీత కనిపిస్తే దేవదాసుకు నిద్ర పట్టలేదు. గేటు దగ్గర కుర్చీలో కూర్చుని గరుకు కాగితంతో ఆ గీతను రుద్దాడు. మొదట రెండు వేళ్లు కదిలాయి, తర్వాత మూడోది. బ్లేడు జారి తెగింది, తిట్టుకున్నాడు, మళ్లీ పట్టుకున్నాడు. వేళ్లతో గొడవపడి గొడవపడి వాటిని దారికి తెచ్చాడు. సెలవుల్లో ఆఖరి రోజుకు సిపాయి కాళ్ల మీద నిలబడ్డాడు. తుపాకీ పట్టిన కుడిచెయ్యి ఆ పొద్దునే భుజానికి అతికించి, ఆరడానికి కిటికీలో పెట్టాడు. మర్నాడే టెస్టు.

మధ్యాహ్నం అందరూ అన్నాలు తిని పడుకోబోతుంటే గంగాప్రసాద్ రూమ్‌లోకి వచ్చాడు. కిటికీలో సిపాయిని చూశాడు.

"ఏందిర గిది? గీ బొమ్మలతోటి ఆడుకుంటె చెయ్యి లేస్తదా?" అంటూ దాన్ని తీసి, ఇంకా పచ్చిగా ఉన్న కుడిచేతిని పుటుక్కున పీకేశాడు. పొరపాటున కాదు. దేవదాసు కళ్లలోకి చూస్తూనే పీకాడు.

రూమ్‌లో అందరూ లేచి కూర్చున్నారు. ఇప్పుడు దేవదాసు మీద పడతాడనుకున్నారు. అతను కదలలేదు.

"నువ్వే పీకినవ్ గద మేస్త్రీ. నువ్వే పెట్టు."

"ఓస్, గింతేనా" అని గంగాప్రసాద్ నవ్వుతూ జిగురు అందుకున్నాడు. సిపాయి చేతి చివరన చిన్న మేకు, భుజంలో చిన్న బొక్క. మేకు బొక్క పక్కకు పోయింది. ఇంకోసారి పైకి పోయింది. ఎడమచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, అయినా మేకు కొన వణుకుతూనే ఉంది. నవ్వు మొహం మీదే ఉండిపోయింది గానీ నుదుట చెమట పట్టింది.

దేవదాసు ఆ వేళ్లనే చూశాడు. ఈ మనిషి తాపీ పట్టగా చూసి ఎన్నాళ్లయింది? చాయ్ గ్లాసు కూడా చేత్తో ఎత్తడు, బల్ల మీద పెట్టి మూతినే దానిమీదికి వంచుతాడు. ఎప్పుడు చూసినా చేతులు జేబుల్లోనే. ఒకటొకటిగా గుర్తొచ్చి ఆఖరికి పలక గుర్తొచ్చింది. ఆ రోజు వైరు మెలిపెట్టింది ఈ వేళ్లే. బిగుసుకోదని వాటికి తెలుసు. తెలిసే "ఎక్కు" అన్నాడు. తన చేతుల సంగతి బయటపడకూడదని ఇంకొకడి చెయ్యి విరగ్గొట్టాడు.

జాలి కలుగుతుందేమోనని దేవదాసు ఒక్క క్షణం చూశాడు. కలగలేదు.

"రేపటి టెస్టు ఇద్దరం ఇద్దాం మేస్త్రీ" అన్నాడు. "ఇంజనీర్‌ని పిలుద్దాం. ముందుగాల నువ్వు పట్టు తాపీ."

గంగాప్రసాద్ సిపాయినీ, చేతినీ మంచం మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆ చేతిని దేవదాసు తానే అతికించాడు, సూదిమొనంత జిగురుతో.

మర్నాడు సైట్‌లో టెస్టు ఊసే లేదు. గంగాప్రసాద్, దేవదాసు పడిన ఆ పాత గోడ వైపు గడ్డం ఎగరేసి, "పో, ఎక్కు" అన్నాడు. పైన పలక వైర్లతో కట్టి ఉంది.

దేవదాసు ఎక్కాడు గానీ పలక మీద అడుగు పెట్టలేదు. పట్కారు తీసి, కట్టి ఉన్న వైర్లు ఒక్కొక్కటే విప్పి కిందికి పారేశాడు. అవి గంగాప్రసాద్ కాళ్ల దగ్గర పడ్డాయి. కొత్త వైరు తీసుకుని కుడిచేత్తో మెలిపెట్టాడు. వేళ్లు మొరాయించాయి. తీరిగ్గా మళ్లీ పెట్టాడు. కింద మాలు గట్టిపడుతోంది, కూలీలు పని ఆపి పైకి చూస్తున్నారు. నాలుగు మూలలూ బిగించి, ఒక్కో మూలా కాలితో తన్ని చూసి, అప్పుడు పలక మీద నిలబడ్డాడు.

"మాలు పంపు మేస్త్రీ" అన్నాడు.