తలకట్టు మింగిన పెన్ను

రెండేళ్ల క్రితం ఆషాఢమాసంలో, పదవీ విరమణ చేసిన ఆరో ఏట, హైటెక్ సిటీలోని ఒక చిన్న కంపెనీ పెన్నుల విభాగంలో మూడు నెలల కాంట్రాక్టు మీద చేరాను. హోదా నిబ్బుల సలహాదారు. చందానగర్‌లో లోకల్ రైలెక్కితే రెండో స్టేషనే. మెడలో ఐడీ కార్డు వేసుకుని, అది తిరగబడకుండా వేలితో సరిచేసుకుంటూ, సాఫ్ట్‌వేరు పిల్లల మధ్య నిలబడి వెళ్లేవాణ్ణి.

అంతకు ముందు ముప్ఫై ఎనిమిదేళ్లు ఒక పెన్నుల ఫ్యాక్టరీలో నిబ్బులు పరీక్షించాను. ఈ మాట కొత్త కంపెనీవాళ్లు కార్డు మీద అచ్చు కూడా వేశారు. నిజానికి అందులో పదకొండేళ్లు డిస్పాచ్ సెక్షన్లో అట్టపెట్టెలకు టేపు అంటించాను. అడగలేదు కనుక చెప్పలేదు.

ఆ పెన్నుల విభాగాన్ని నడిపేది ప్రసన్న, ప్రొద్దుటూరు అమ్మాయి. సాఫ్ట్‌వేరు ఉద్యోగం వదిలి, యజమానులను ఏడాదిపాటు ఒప్పించి, తెలుగువాళ్ల చేతికి ఒక మంచి సిరా పెన్ను ఇవ్వాలని ఈ పనిలో దిగింది. ఒక సోమవారం పెన్ను విడుదలైంది. మొదటి ఆర్డరు రెండు వందలు, ఒక విద్యాసంస్థ తన తెలుగు ఉపాధ్యాయులకు బహూకరించడానికి. గురువారం ఉదయం పెట్టెలు కదలాలి. ఈ లాటు తిరిగొస్తే విభాగం మూసేస్తామని యజమానులు ముందే చెప్పేశారు. ప్రతి పెట్టెలో ఒక చిన్న కార్డు ఉంటుంది. 'మొదట రాసి చూసినవారు' అని, దాని కింద నా సంతకం.

నిబ్బు పరీక్షకు ఒక క్రమం ఉంది. ముందు భూతద్దం కింద రెండు రెక్కలూ సమానంగా ఉన్నాయా, మధ్య చీలిక తిన్నగా ఉందా చూడాలి. తర్వాత సిరాలో ముంచి నిలువు గీతలు, అడ్డగీతలు, గొలుసులా వరుసగా 8 అంకె. చివరగా ఒక తెలుగు మాట. ఆ చివరిది మా పాత ఫ్యాక్టరీలో పెద్ద మేస్త్రీ పెట్టిన నియమం. ఎందుకని అప్పుడు అడిగితే, ముందు రాయవయ్యా, ఎందుకో పెన్నే చెబుతుంది అనేవాడు.

మంగళవారం లాటులోంచి ఇరవై పెన్నులు తీసి పరీక్షించాను. చుట్టూ ఆఫీసు పిల్లలు నిలబడి చూస్తున్నారు. మొదటి పెన్ను కాగితం మీద పెట్టగానే వెన్న మీద వేలు జారినట్టు జారింది. బరువు చేతికి కుదిరింది, సిరా సమంగా దిగింది. ఎప్పుడైనా తొలి గీత అందుకోకపోతే, కొత్త పెన్నుకు కాస్త సిగ్గుంటుందిలే అన్నాను. అందరూ నవ్వారు. ఇరవైకి ఇరవై పాస్ చేసి స్లిప్పు మీద సంతకం పెట్టాను.

బుధవారం ఆ పెన్నులో లోపం కనిపెట్టాను. నిబ్బు శబ్దం వినే కనిపెట్టానని చందానగర్ పార్కులో మా బెంచీవాళ్లకు చాలాసార్లు చెప్పాను. అది అబద్ధం. కనిపెట్టింది యాదమ్మ.

యాదమ్మ మా అంతస్తులో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజరు. గోపన్‌పల్లి ఊరు అపార్ట్‌మెంట్లు కాకముందు నుంచీ అక్కడివాళ్లే. మధ్యాహ్నం హాజరు రిజిస్టరు దగ్గర ఆమె బాల్‌పెన్ను ఆగిపోతే, గొప్పకు నా జేబులోని కొత్త పెన్ను తీసి ఇచ్చాను. ఆమె నిదానంగా తెలుగులో పేరు రాసి, రిజిస్టరు నా వైపు తిప్పింది.

"పెద్దసారూ, జర సూడుండ్రి. గిదేం పెన్ను? నా పేరుల తలకట్లు మింగింది."

చూశాను. దకారానికీ మకారానికీ తల లేదు. పెన్ను నిటారుగా పట్టావు, వాల్చి పట్టాలి అని పాఠం చెప్పాను. ఆమె వాల్చి పట్టి ఇంకోసారి రాసింది. మళ్లీ మొండాలే.

"ఇన్నేండ్లల్ల ఎన్ని పెన్నులు పట్టిన సారూ," అంది, "ఒక్కటి గూడ తలకాయ కొయ్యలే."

బల్ల దగ్గరికి వెళ్లి నా పేరు తెలుగులో రాశాను. నా తలకట్లూ సగం పోయాయి. అప్పుడు అర్థమైంది. ఇంగ్లీషు కలిపిరాతలో మాటంతా ఒకటే గీత, ఒకసారి ఆనించాక మాట అయ్యేదాకా పెన్ను ఎత్తం. తెలుగులో దాదాపు ప్రతి అక్షరానికీ పెన్ను ఎత్తి, తలకట్టు కోసం మళ్లీ ఆనించాలి. నిబ్బు మొన మీది గుండును మితిమీరి నునుపు చేస్తే చీలిక అంచులు గుండ్రబడతాయి. అక్కడి సిరా కాగితాన్ని వెంటనే అందుకోదు. ఆనించిన తొలి రవ్వంత గీత పడదు. తలకట్టు అంటే ఆ రవ్వంతే కదా.

ప్రసన్న గదికి వెళ్లి, నాకు నిన్నటి నుంచీ ఒక అనుమానం ఉందమ్మా అని మొదలుపెట్టాను. ఆమె కుర్చీ చూపించలేదు.

"అదేంది సార్, నిన్న వెన్న మాదిరి ఉందంటిరి కదా," అంది. "తెలుగులో రాసి చూసినారా, లేదా? అది చెప్పండి."

లేదన్నాను. పిల్లలు చూస్తున్నారని, నా ఇంగ్లీషు కలిపిరాత వాళ్లకు చూపించాలని, ఇరవై పెన్నులతోనూ ఇంగ్లీషు వాక్యమే రాశానని ఒప్పుకున్నాను. అక్కడితో ఆపవచ్చు. కానీ రెండు వందల మంది తెలుగు మాస్టర్లు పెట్టె విప్పి, నా సంతకం చూసి, తల లేని అక్షరాలు రాయడం కళ్లముందు కదిలింది. అందుకని మిగిలినదీ చెప్పాను. రెండు వారాల క్రితం నిబ్బులు కొంచెం గరుకుగా ఉన్నాయని, పాలిష్ చక్రం మీద ఇంకో విడత పట్టించమన్నది నేనే. ఆ విడతే వీటి తలలు తీసింది.

ప్రసన్న నిన్నటి స్లిప్పు తీసి నా సంతకం కొట్టేసింది. నన్ను పంపించేస్తుందనే అనుకున్నాను.

"చెడగొట్టినోళ్లకే బాగు చేసేది తెలిసుంటుంది," అంది. "ఎంత సేపు పడుతుంది సార్?"

ఒకటిన్నర రోజు అన్నాను. ఆమె విద్యాసంస్థకు ఫోన్ చేసి, మా పరీక్షలో లోపం దొరికింది, ఒక రోజు ఆలస్యమవుతుందని ఉన్నమాట చెప్పింది. వాళ్లు ఒప్పుకున్నారు. పట్టులాంటి సన్న గరుకు కాగితం తెప్పించి, అసెంబ్లీ బల్ల దగ్గర నేనూ ఇద్దరు పనివాళ్లూ కూర్చున్నాం. నిబ్బును రాసే కోణంలోనే పట్టుకుని, బరువు వేయకుండా ఏడెనిమిది సార్లు లాగాలి. ఎక్కువైతే గీసుకుంటుంది, తక్కువైతే తల రాదు. ప్రతి పెన్నుతోనూ పరీక్షగా ఒకటే మాట రాశాం, యాదమ్మ. ఆమె మా వెనక నిలబడి చూసింది. ఏడు పెన్నులను పక్కకు తోసి, "వీటికి ఇంక సక్కగ రాలే," అంది. భూతద్దం కింద చూస్తే ఆమె మాటే నిజం.

శుక్రవారం పెట్టెలు కదిలాయి. వాటిలో రెండే తిరిగొచ్చాయి, అవి కూడా క్యాపు బిగుసుకుపోయిందని. పెన్నుల విభాగం ఇప్పటికీ నడుస్తోంది. మూడు నెలల నా కాంట్రాక్టు ఏడాదికి పెరిగింది. తర్వాతి లాటు నుంచి కార్డు మీద నా పేరు కింద ఇంకో వరుస చేరింది. 'తలకట్టు పరీక్ష: యాదమ్మ'. ఆ పనికి ఆమె జీతంలో వేరే భత్యం కూడా కలిపారు. ఇది నా ఆలోచనేనని మా బెంచీవాళ్ల నమ్మకం. కాదు, ప్రసన్నది.

ఇదంతా ఆ పెన్నుతోనే రాశాను. మొదటి చిత్తులో లోపం కనిపెట్టింది నేనే అని ఉంది. పెన్ను తలకట్లన్నీ పెట్టింది, అబద్ధానికి కూడా. కొట్టేసి మళ్లీ రాశాను.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. పెన్నును దాన్ని కొనేవాళ్ల లిపిలో రాసి చూడాలి. మన సలహా మీద తయారైన వస్తువును మరొకరి చేత పరీక్ష చేయించాలి. పెద్దలు పెట్టిన క్రమంలో కారణం తెలియని మెట్టు ఒకటి ఉంటే, అన్నిటికన్నా ముందు దాన్నే పూర్తి చేయాలి.