రెండో రిమోట్ పట్టిన కాక

ఆ రోజుల్లో మనిషికి మూడే ప్రాణాలు. టీవీ ముందు వీడియో గేమ్ రిమోట్ పట్టుకుని కూర్చున్న మనిషి సంగతి చెబుతున్నాను. మూడూ పోతే లేచి పక్కవాడికి చోటివ్వాలి, అంతే. ఇప్పుడు అలా కాదు. తెలంగాణ వచ్చిన ఈ వేసవిలో పదిహేను రోజులు మంచిర్యాలలో మా అక్క ఇంట్లో ఉండి, మేనల్లుడి పుణ్యాన కొత్త ఆటలన్నీ ఆడి చూశాను. పోగొట్టుకున్నవి కూడితే ఇలా తేలింది: ఫోన్లో రంగుల మిఠాయిలను వరుసగా కలిపే ఆటలో నూట నలభై మూడు ప్రాణాలు, కంప్యూటర్‌లో తుపాకుల ఆటలో అరవై ఒకటి, కార్ల పందెంలో మూడు కార్లు (మూడూ ఒకే వంతెన మీద నుంచి, ఒకే నదిలోకి), ఇక మేనల్లుడి దగ్గర నాకున్న పరువు. ఆఖరిది అంకెల్లోకి రాదు కాబట్టి కూడికలో వేయలేదు.

కొత్త ఆటల్ని తప్పుపట్టడానికి లేదు. గడ్డి నిజంగా గాలికి ఊగుతుంది. వాన పడితే సిపాయి టోపీ అంచు నుంచి చుక్కలు జారతాయి. కానీ ఆ సిపాయి చచ్చిపోతే ఎవరికీ ఏమీ కాదు. అయిదు అంకెలు లెక్కపెట్టేలోగా దగ్గర్లోని గోడ చాటున మళ్లీ లేచి నిలబడతాడు. నేను కాగితం మీద గీతలు గీస్తుంటే మేనల్లుడు చూసి, "మామా, సచ్చినప్పుడల్లా గిట్ల రాస్కుంటవేంది? మల్ల లేస్తడు గద!" అన్నాడు. ఎన్నిసార్లు లేస్తాడని అడిగాను. "ఎన్నిసార్లన్న లేస్తడు. దానికి లెక్క లేదు" అన్నాడు. లెక్క లేదు అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. అందుకే ఫోన్లోని మిఠాయిల ఆటకు మారాను. అందులో అయిదే ప్రాణాలు. అవి అయిపోతే అరగంట ఆగాలి, లేదా స్నేహితులను ప్రాణం పంపమని అడగాలి. నా ఫోన్లో స్నేహితులుగా తేలినవారు ఏడుగురు. అందులో ఇద్దరు లారీ ఓనర్లు, ఒకరు మా కాంట్రాక్టర్. ఏ బొత్తం నొక్కానో ఏమో, ఒక మధ్యాహ్నం కాంట్రాక్టర్ ఫోన్ చేశాడు. "ఏందయ్యా, పానం బాగలేదా? లైఫు పంపుమని మెసేజ్ వచ్చింది. దవాఖానకు పోయినవా?" అన్నాడు. బాగానే ఉన్నానని చెప్పి ఫోన్ పెట్టేశాక, ప్రాణం అడగడానికి నాకు ఒకప్పుడు సరైన మనిషే ఉండేవాడని గుర్తొచ్చింది.

పదమూడేళ్ల కింద, ఇరవై ఆరేళ్ల వయసులో నేను గోదావరిఖనికి వచ్చాను, బొగ్గు లారీల లెక్కలు రాయడానికి. నా చదువు ఇంటర్ దగ్గరే ఆగిపోయింది. వడ్డీ లెక్కలూ టన్నుల లెక్కలూ పాత పుస్తకాలు ముందేసుకుని సొంతంగా నేర్చుకున్నవే. పగలంతా నా నోటి నుంచి వచ్చేవి బండి నంబరు, ట్రిప్పు నంబరు, బరువు. గదికి వచ్చాక అవి కూడా ఉండవు. ఒక ఆదివారం పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఎన్ని మాటలు మాట్లాడానా అని లెక్క వేసుకుంటే నాలుగు తేలాయి: "ఒక చాయ్", "చిల్లర లేదు". (హోటలాయన అది కూడా మాట్లాడలేదు. తర్వాత ఇవ్వమని చేత్తో సైగ చేశాడు.)

చౌరస్తా దగ్గరి గల్లీలో టీవీలు, రేడియోలు బాగుచేసే చాచా దుకాణం ఉండేది. దుకాణం వెనక సగానికి తెర కట్టి, ఒక పాత కలర్ టీవీ, క్యాసెట్ పెట్టి ఆడే వీడియో గేమ్ డబ్బా, రెండు రిమోట్లు, ఒక బెంచీ పెట్టాడు. అరగంట లెక్కన ఆడనిచ్చేవాడు. బడిపిల్లల మధ్య కూర్చునే వయసు నాది కాదు, అయినా కూర్చున్నాను. వాళ్లు నన్ను నాలుగు రోజులే భరించారు. పడిపోయిన శత్రువులను పైకి లెక్కపెట్టడం నాకు అలవాటు. "నువ్వు ఆడుతుంటె ఎక్కాలు సదివినట్టున్నదన్నా" అని పక్కకు జరిగిపోయారు. అప్పటినుంచి పిల్లలు ఇళ్లకు పోయాక వెళ్లేవాణ్ని. నాకు నచ్చింది ఇద్దరు సిపాయిల ఆట. అడవిలో మొదలై, కొండ ఎక్కి, ఆఖరికి ఒక గుహలోంచి బయటపడాలి. ఒక్కడినే అయినా ఇద్దరి ఆటే పెట్టించుకునేవాణ్ని. రెండో సిపాయిని నడిపేవాడు లేక వాడు మొదట్లోనే నిలబడేవాడు. వాడు కదలకపోతే తెర ముందుకు జరగదు. వాడి మూడు ప్రాణాలూ ఎవడో ఒకడి తూటాకు పోయేదాకా నేను పక్కనే నిలబడి ఎదురుచూసేవాణ్ని. చాచా చూడలేకపోయాడు. "అరే బాబూ, ఒక్కనివే ఉన్నవ్, ఒక్కని ఆట పెట్టుకో. ఆ రెండోడు ఫుకట్ల సస్తుండు!" అన్నాడు. "ఉండనీ చాచా, జరసేపు తోడుంటడు" అన్నాను.

ఆ మాట విన్నాడు కాక. ఆయన నాకు చుట్టం కాదు. అక్కడ చిన్నాన్న వయసువాళ్లంతా కాకలే. బాయిలో, అంటే బొగ్గు గనిలో, పైకప్పు కూలకుండా కర్రలు నిలబెట్టే పని ఆయనది. యాభై దాటాయి. ఆయన భార్య ఊళ్లో పొలం చూసుకుంటుంటే ఈయన క్వార్టర్‌లో ఒక్కడే వండుకుని తినేవాడు. రేడియో బాగుచేయించుకోవడానికి వచ్చాడు. అది మూడో రోజుకే బాగైంది. అయినా రోజూ మొదటి షిఫ్టు దిగి స్నానం చేసి, రేడియో చంకలో పెట్టుకుని వచ్చేవాడు. "ఇంకోపారి జూడు చాచా, నడుమ నడుమ గురగుర అంటున్నది." చాచా చెవి దగ్గర పెట్టుకుని విని, ఏమీ అనటం లేదని చెప్పేవాడు. "ఇప్పుడనదు. ఒక్కన్నున్నప్పుడే అంటది" అని కాక బెంచీ మీద కూర్చునేవాడు.

ఆ రోజు తెర పక్కకు జరిపి, టీవీ వైపు చాలాసేపు చూశాడు. "నెత్తికి బత్తి లైటు లేదు, టోపీ లేదు, వాని ఒంటి మీద అంగి గుడ లేదు. గిట్లనే దిగనిస్తరా గుహలకు?" అన్నాడు. తర్వాత, "గా రెండోడు ఎందుకు నిలబడ్డడు?" అని అడిగాడు.

"వానికి మనిషి లేడు కాక."

"లేకుంటె నన్ను పిలువద్దా?" అని వచ్చి కూర్చుని, రెండో రిమోట్ తీసుకున్నాడు. తలకిందులుగా పట్టుకున్నాడు. మూడు రోజుల దాకా నేనూ గమనించలేదు. (ఆయన సిపాయి వెనక్కి పరుగెడుతుంటే, అది ఆయన జాగ్రత్త అనుకున్నాను.)

కాక ఆట అందరి ఆటలాంటిది కాదు. ప్రతి కొత్త చోటా ముందు నిలబడి పైకి చూసేవాడు. పైనుంచి రాయి పడదని నమ్మకం కుదిరాకే అడుగు వేసేవాడు. నేను తూటాలు లెక్కపెట్టుకుంటూ ముందుకు ఉరికేవాణ్ని. కొండ ఎక్కే చోట దీనితో చిక్కొచ్చింది. పైవాడు తొందరగా ఎక్కితే తెర పైకి జరిగి, కింద ఉన్నవాడు తెర అంచు కింద పడి చస్తాడు. కాకను అలా నేను వరుసగా మూడుసార్లు చంపాను. "అరేయ్ ఆగు! ఆగు!" అని ఆయన అరిచిన అరుపుకు బయట కూరగాయల బండివాడు కూడా బండి ఆపాడు. "పైకి పోయేటోడు కిందోన్ని జూస్కోవాలె. బాయిల గిట్ల జేస్తె రెండో దినం నిన్నెవడు తోల్కపోతడు?" అన్నాడు. ఆ సాయంత్రమే ఒప్పందం చేసుకున్నాం. ఆయన బెంచీ మీద ఉంగరం వేలితో ఒకసారి కొడితే నేను ఆగాలి, రెండుసార్లు కొడితే కదలాలి. నా జీవితంలో నా కోసం ఎవరైనా ఆగడం, నేను ఎవరికోసమైనా ఆగడం అదే మొదలు.

ఆ ఆటలో ఇంకో వెసులుబాటు ఉంది. మన ప్రాణాలు అయిపోతే ఎర్ర బొత్తం నొక్కి జోడీవాడి ప్రాణం ఒకటి తీసుకోవచ్చు. నేను మొదటిసారి టక్కున నొక్కేశాను. కాక రిమోట్ పక్కన పెట్టాడు. "నోరు లేదా? పక్కోని నీళ్ల సీసైన అడిగి తాగుతం. పానం అడుగకుండ తీస్కుంటవా?" అన్నాడు. అప్పటినుంచి, "కాకా, ఒక పానం తీస్కుంటనే" అని అడగడం, "తీస్కో" అనేదాకా ఆగడం నా పని. ఈ మధ్యలో నా సిపాయి చచ్చి, ఆయన సిపాయి ఒక్కడే నలుగురితో పోరాడుతుండేవాడు. ఆయన నా దగ్గర తీసుకున్నవి తీసేసి, నేను బాకీ ఉన్నవి మనసులో లెక్క ఉంచుకున్నాను. నెమ్మదిగా నడిచేవాడు తక్కువ చస్తాడు కాబట్టి బాకీ ఎప్పుడూ నాదే.

వానలు మొదలైన వారం కాక వచ్చి, రేడియో ముచ్చట ఎత్తకుండానే కూర్చున్నాడు. "సోమారం నుంచి గోలేటి బాయిల డ్యూటీ" అన్నాడు. నేను టన్నులు ఎన్ని అన్నట్టు, "ఎన్ని కిలోమీటర్లు?" అని అడిగాను. ఆయన చెప్పిన అంకె నేను వినలేదు. మళ్లీ ఆదివారాలు నాలుగు మాటల మీదికి వస్తాయని లెక్క వేసుకుంటున్నాను. కాక, "ఆ గుహల నుంచి ఒక్కపారన్న బైటవడలే మనం. పోయేలోపు బైటికి రావాలె. ఇద్దరం" అన్నాడు. అంతకుముందు ఎప్పుడూ మేం గుహ దాటలేదు.

ఆదివారం మధ్యాహ్నం కాక బట్టల సంచితోనే వచ్చాడు. సాయంత్రం బస్సు. చాచా దుకాణం తలుపు సగం దించి తను కూడా బెంచీ చివర కూర్చున్నాడు. అడవి దాటాం, కొండ ఎక్కాం (ఒక దెబ్బ, రెండు దెబ్బలు), గుహలో సగం దాకా వచ్చాం. అక్కడ నా ప్రాణాలు అయిపోయాయి. కాక సిపాయి నిలబడే ఉన్నాడు, వెనక ఇంకా రెండు ప్రాణాలే ఉన్నాయి. నేను రిమోట్ ఒళ్లో పెట్టుకున్నాను.

"అడుగు" అన్నాడు కాక.

"వద్దు కాకా. నీకు రెండే ఉన్నయి. నువ్వు పో."

ఆయన తన రిమోట్ ఒక చేత్తో ఆడిస్తూనే, రెండో చెయ్యి చాపి నా రిమోట్ మీది ఎర్ర బొత్తాన్ని తనే నొక్కాడు. బొగ్గు గాయం మానిన నీలి మచ్చ ఉండేది ఆ బొటనవేలి మీద. నా సిపాయి లేచాడు, పది అడుగులు వేయకముందే మళ్లీ చచ్చాడు. బొటనవేలు మళ్లీ వచ్చింది. ఈసారి కాక ఉన్న ఒక్క సిపాయినీ నాకు అడ్డంగా నిలిపాడు. వాడు పడిపోయాడు. నేను లెక్కపెట్టడం కూడా మర్చిపోయి కాల్చాను.

గుహ కూలింది. నా సిపాయి బయటికి వచ్చి ఒడ్డున పడవ ఎక్కాడు. పాట మొదలైంది. చాచా చప్పట్లు కొట్టాడు. కాక లేచి నిలబడి టీవీకి దగ్గరగా వెళ్లాడు.

"రెండోడేడి?"

"పోయిండు గద కాకా."

"షిఫ్టు దిగినంక ఒక్క బత్తి వాపస్ రాకున్న మనిషి లోపల్నే ఉన్నట్టు. అందరు నిలబడ్తరు. పడవ ఎట్ల ఇడిసిరు?"

"అరే కాకా, ఇది గేమ్! నీ డ్యూటీ కాదు" అన్నాడు చాచా. "పొద్దున స్విచ్ ఏస్తె వాడే అందరికన్న ముందు లేస్తడు." అప్పుడు కాక నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నేను గెలిచిన ఆట అదొక్కటే, ఇంకోసారి ఆడదామని అడగడానికి టైం లేదు.

బస్సు దగ్గర సంచి అందిస్తుంటే, "లెక్కెంతయింది?" అని అడిగాడు.

"పంతొమ్మిది కాకా."

"పదిహేడే. ఆఖరి రెండు నువ్వడుగలే, నేనే ఒత్తిన. అడుగంది బాకీ ఎట్లయితది? నీకు లెక్కలు నేర్పిందెవడు?"

"నేనే నేర్సుకున్న."

"గందుకే" అన్నాడు.

బస్సు కదిలాక కిటికీలోంచి చేతులు బయటికి పెట్టి పది వేళ్లు, తర్వాత ఏడు చూపించాడు. నేను కింద నుంచి పది, తర్వాత తొమ్మిది చూపించాను. ఇద్దరం ఏదో బేరంలో ఉన్నామనుకుని పక్కనున్న పెద్దమనిషి, "ఎంతకు తెగింది?" అని అడిగాడు.

రెండేళ్లకు పని మీద గోలేటి వెళ్లి అడిగితే, ఆరోగ్యం బాగాలేక ముందే ఉద్యోగం వదిలి ఊరికి పోయాడన్నారు. ఏ ఊరో వాళ్లకు తెలియదు. నేనూ ఏనాడూ అడగలేదు. (ప్రాణాలు అడిగాను గానీ, ఊరి పేరు అడగాలని తోచలేదు.) ఇప్పుడు ఆలోచిస్తే ఆ బస్సుకేసి వేళ్లు చూపిస్తూ నిలబడ్డ కుర్రాడి మొండితనానికి నవ్వొస్తుంది. లెక్కప్రకారం కాకదే న్యాయం కావచ్చు. కానీ నేను ఏ మనిషి దగ్గరా అడగకుండా పొందినవి ఆ రెండే. వాటిని కొట్టేయడానికి చెయ్యి రావడం లేదు. అందుకని నా లెక్కలో ఇప్పటికీ పంతొమ్మిదే.