ఉంటుంది, వెతకాలి

మా మావయ్య నోటివెంట ‘లేదు’ అన్న మాట విన్నవాళ్లు లేరు. పాత గ్రామఫోను రికార్డులు అమ్మే కొట్టు ఆయనది. ఎవరు వచ్చి ఏమడిగినా ఒకటే జవాబు: “ఉంటుంది, వెతకాలి.”

ఒకాయన వానలో పరుగెత్తుకొచ్చి గొడుగుందా అని అడిగాడు. “ఉంటుంది, వెతకాలి” అన్నాడు మావయ్య. వాన వెలిసిన మూడో రోజున అటక మీంచి గొడుగు దింపి, అడ్రసు కనుక్కుని మరీ ఇంటికి పంపాడు. “అసలు మీకు బుద్ధుందా?” అని అత్తయ్య నిలదీసినప్పుడూ అదే మాట. ఆ పూట ఆయనకు కాఫీ దొరకలేదు.

కొట్టులో కూర్చుని చిరిగిన అట్టలు అతికించడం నా పని. అందుకే దర్జీగారి గొడవ నాకు మొదటినుంచీ తెలుసు. పెళ్లిరోజుకి ప్రేమపాటలు కావాలని భార్య అడిగిందట. ఆయన మా కొట్టుకొచ్చి, ఒక అట్ట మీద మోటారు సైకిలు పక్కన నిలబడి కళ్లలో కళ్లు పెట్టి చూసుకుంటున్న జంటను చూసి మురిసిపోయి, వినకుండానే కొనేశారు. అది పేరున్న పాత రాక్ బృందం ఒకటి ఏదో పోట్లాటల సినిమాకి కట్టిన సంగీతం. ఆవిడ రికార్డు మీద ముల్లు పెట్టగానే, గోడ కూలిందేమోనని పక్కింటివాళ్లు పరుగెత్తుకొచ్చారు.

“ఇరవై రెండేళ్ల కాపురానికి నాకిదా బహుమతి? ఇందులో ఒక్క ప్రేమపాట చూపించండి, అప్పుడొస్తాను” అని ఆవిడ వాళ్ల అక్కగారింటికి వెళ్లిపోయింది.

దర్జీగారు రికార్డు చంకన పెట్టుకుని వచ్చారు. చొక్కా బొత్తాలు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. దర్జీ చొక్కా అలా ఉంటే చూడ్డానికి నాకే జాలేసింది.

“ఇందులో ప్రేమపాట ఉందాండీ?”

“ఉంటుంది, వెతకాలి. శనివారం సాయంత్రం రండి. ఆవిణ్ని కూడా రమ్మనండి. తీర్పు చెప్పాల్సింది ఆవిడేగా.”

మొదటి శనివారం ఇద్దరూ బెంచీకి చెరో చివర కూర్చున్నారు. మావయ్య డ్రమ్ముల మోత వినిపించి, “ఇది ప్రేమలో పడ్డవాడి గుండె చప్పుడు” అన్నాడు.

“గుండె ఇలా కొట్టుకుంటే ముందు డాక్టర్ని పిలవాలి” అంది ఆవిడ. దర్జీగారు గోడవైపు తిరిగి నవ్వుకున్నారు.

రెండో శనివారం గిటారు కీచుమంది.

“ఇది విరహం” అన్నాడు మావయ్య.

“నా మిషనుకి నూనె లేకపోతే వచ్చే చప్పుడండీ ఇది” అన్నారు దర్జీగారు.

“అచ్చం అదే! మన మొదటి మిషను. దాని మోతకి ఇంటివాళ్లు మనల్ని ఖాళీ చెయ్యమన్నారు, గుర్తుందా?” అందావిడ. ఆ తర్వాత పావుగంట వాళ్లు ఆ మిషను గురించే మాట్లాడుకున్నారు. రికార్డు దానంతటది తిరుగుతూనే ఉంది.

మూడో శనివారం రికార్డులో వంతెన పేలిపోయిన చప్పుడొచ్చింది. మావయ్య దాన్ని తొలిచూపు అన్నాడు. ఆయన్ని ఇద్దరూ కలిసి చెడామడా దులిపేశారు. అప్పటికి బెంచీ మధ్యలోకి వచ్చేశారు.

నాలుగో శనివారం గాలి హోరు తప్ప ఏమీ వినబడలేదు.

“ఇది మౌనప్రేమ” అన్నాడు మావయ్య.

ఆవిడ లేచి నిలబడింది. “ఏవండీ, రండి. ఈయనతో పెట్టుకుంటే తెల్లారినట్టే. ఇంటికి పోదాం.”

దర్జీగారు చెప్పులు తొడుక్కోవడం కూడా మరిచిపోయి ఆవిడ వెనకే నడిచారు. మళ్లీ వచ్చి తొడుక్కుని పరుగెత్తారు.

“మావయ్యా, నిజం చెప్పు. అందులో ప్రేమపాట ఉందా?” అని అడిగాను.

“లేదు” అన్నాడు.

నా చేతిలో జిగురు డబ్బా జారిపోయింది.

“మొదటిరోజే రెండువైపులా విన్నాను. ఆ మాట అప్పుడే చెప్పేస్తే ఆవిడ ఇక్కడికెందుకొస్తుంది?”

ఆ క్షణాన మా మావయ్య మీద నాకు ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది. చెబుదామనుకునేలోపే దర్జీగారి భార్య ఆయాసపడుతూ వెనక్కొచ్చింది.

“మా అక్కా బావా మాట్లాడుకుని నెలైంది. ఇలాంటి రికార్డే ఇంకోటి ఉందాండీ?”

మావయ్య కళ్లజోడు తుడుచుకుని అటక వైపు చూశాడు.

“ఉంటుంది, వెతకాలి.”