మగ్గం గుంటకు పలుగు పట్టిన రత్తమ్మ పిన్ని

నిన్న ఉదయం మనవరాలి గదిలోకి వెళ్తే, ఎండకు కాగిన దూది వాసన తగిలింది. మెడ పట్టేసిందని పిల్ల తన దిండును కిటికీలో ఎండేసింది. ఆ వాసనతోటే యాభైల చివర్లో చీరాలలో మా పక్కింటి రత్తమ్మ పిన్ని కళ్ళముందుకొచ్చింది.

అప్పటికి నాకు పెళ్ళయి మూడేళ్ళు. మోకాళ్ళ నొప్పులతో అత్తయ్య మగ్గం దిగి, తన చోటు నాకిచ్చింది. బడి మొహం చూడనిదాన్ని. ఇంట్లో నాన్న దిద్దించిన అక్షరాలూ, అత్తయ్య నేర్పిన నేతా, అంతే నా చదువు. ఆరు నెలలు తిరిగేసరికి మెడ తిప్పలేకపోయాను. మేమూ దిండునే ఎండలో వేశాం. దిండు రోజూ చక్కగా కాగేది, మెడ మాత్రం కర్రలాగే ఉండేది. సగం నేసిన చీర మగ్గం మీదే నిలిచిపోయింది. ఇక నేయలేనేమోనని లోపల దిగులు. చివరికి అత్తయ్య, "ఆదివారం సంతకి మెడలు తిప్పేవాడొస్తాడు. ఒక్క తిప్పు తిప్పితే సరి" అంది. తలూపడానికి మెడ రాక, సరేనని నోటితో చెప్పాను.

గోడ అవతల ఆ మాట విన్నట్టుంది, పిన్ని చేతిలో చేట దించకుండానే వచ్చేసింది. ఒకప్పుడు నేతలో వీధికంతా పేరున్న మనిషి. అలాంటివాడి చేతే మెడ తిప్పించుకున్న నాటినుంచి ఆవిడ కుడిచేతిలో పట్టు పోయింది. ఎడమచేత్తో రాట్నం తిప్పి, మగ్గాలవాళ్ళకు నూలు చుట్టిపెట్టేది.

"ఈ చెయ్యి చూడక్కా. నీ కోడలి చెయ్యీ ఇలాగే కావాలా?"

"మరి చేతులు ముడుచుక్కూర్చోమంటావా?" అంది అత్తయ్య.

"కూర్చునే చోటు చూద్దామంటున్నా. ఏమ్మా, చేతులు తిమ్మిరెక్కుతున్నాయా? వేళ్ళు పట్టు తప్పుతున్నాయా?"

లేదన్నాను. "అయితే మన వల్ల అయ్యే పనే. అలా అయిననాడు మాత్రం ఆగకుండా గుంటూరు పెద్దాసుపత్రికి పోవాలి" అంది.

కాళ్ళు గుంటలోకి దించి నన్ను మగ్గంలో కూర్చోబెట్టి, పక్కన చతికిలబడి కాసేపు చూసింది. "అక్కా, నువ్వు జానెడు మనిషివి. ఇది తాటిచెట్టు. నీ కొలతకి తవ్విన గుంట దీనికెలా సరిపోద్ది? బట్ట కనబడాలంటే కొంగలా వంగాల్సిందే. కూర్చునే గట్టు నాలుగు వేళ్ళు దించాలి."

"మా మామగారు పూజ చేసి తవ్విన గుంట. పలుగు తగలనివ్వను."

నాకూ భయమేసింది. రోజూ దణ్ణం పెట్టుకుని దిగే చోటది. పిన్ని మాత్రం కదల్లేదు. "పసుపు మళ్ళీ పెట్టుకుందాం. మెడ మళ్ళీ రాదు" అని, తన ఎడమచేత్తోనే పలుగు అందుకుంది. అత్తయ్య లోపలికెళ్ళి పసుపు గిన్నె తెచ్చి గట్టు పక్కన పెట్టింది. నేను మట్టి ఎత్తిపోశాను. పొద్దు వాలేసరికి గట్టు నాలుగు వేళ్ళు దిగింది, కింద తొక్కుడు చెక్కలూ అంతే దిగాయి.

రెండు వారాలు మగ్గం ముట్టనివ్వలేదు. తవుడు వేయించి మూటగట్టి వెచ్చగా కాపడం పెట్టింది, తలకింద పలచటి దిండు పెట్టించింది. నొప్పి తగ్గుముఖం పట్టాక, మెడను అటూ ఇటూ మెల్లగా, ఎంత వస్తే అంతే తిప్పమంది. మళ్ళీ నేతకు కూర్చున్న రోజున దేవుడి గూట్లోని రాముడి పటం తీసి, మగ్గానికి ఎదురుగా, పైన వాసానికి కట్టింది.

"జానెడు నేసినప్పుడల్లా చెయ్యాపి, తలెత్తి స్వామిని చూడు."

"భక్తికేనా పిన్నీ?"

"భక్తి నీది. మెడ నాది" అంది నవ్వకుండా.

కార్తీకం రాకముందే ఆ చీర మగ్గం దిగింది. ముందుగా పిన్ని ఒళ్ళోనే పెట్టాను. అంచు పొడవునా ఎడమచేత్తో తడిమి చూసి, "బాగా కుదిరింది" అంది. ఆ తర్వాత చాలా ఏళ్ళు నేశాను. ఒక్కో చీరకు ఎన్నిసార్లు స్వామిని చూశానో, అన్నిసార్లూ ఆవిడకూ దణ్ణం పెట్టుకున్నట్టే.

నిన్న దిండు తీసి మంచం మీద పడేశాను. "ముందు నువ్వు కూర్చునే చోటు చూపించు" అన్నాను మనవరాలితో. పొట్టి బల్ల, దానిమీద కంప్యూటరు. కంప్యూటరు కింద లావుపాటి పుస్తకాలు పెట్టించాను. ఎదురు గోడకు, కాస్త పైకి, రాముడి పటం తగిలించమన్నాను.

"భక్తికా నానమ్మా?" అంది.

"భక్తి నీ ఇష్టం," అన్నాను. "మెడ మాత్రం రత్తమ్మ పిన్నిది."