క్రిస్మస్ ఎనిమిదో నాడు

నా చిన్నప్పుడు మాది జైనూర్ అవతల గుట్టల్లో ఇరవై ఇళ్ల ఊరు. మా ఇంట్లో క్యాలెండర్ లేదు. ఉన్నా చదివేవాళ్లు లేరు. వారానికోసారి జరిగే అంగడే మాకు తేదీ. విత్తనాలు తేవాలన్నా, చుట్టాలింటికి పోవాలన్నా, ఇన్ని అంగళ్లు గడిచాక అని చెప్పుకునేవాళ్లం.

ఆ ఏడు మా తమ్ముడు పుట్టాడు. వాడికి ముందు ఇద్దరు పుట్టి, పేరు పెట్టకముందే పోయారు. అందుకే మా అవ్వ, అంటే మా అమ్మ, గట్టిగా మొక్కుకుంది. వీడు బతికితే తాను పుట్టిన ఊరు మందమర్రిలో, తాను బాప్తిస్మం తీసుకున్న గుడిలోనే, క్రిస్మస్ నాడు పేరు పెట్టిస్తానని. అప్పటిదాకా ఎవరూ ఏ పేరుతోనూ పిలవొద్దంది. ఐదు నెలలు వాడు ఉత్త ‘పోరడు’గానే పెరిగాడు. వానాకాలం పోయాక మా గుట్టలకు వచ్చిన ఆ గుడి పాస్టరయ్య, ఇప్పటినుంచి ఏడో అంగడి నాడు బయలుదేరితే మర్నాడు పొద్దున క్రిస్మస్‌కు అందుకుంటారని మా బాపుకు లెక్క చెప్పి పోయాడు.

ఆ లెక్క నాకు అప్పగించారు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. అంగడి అయిన ప్రతిసారీ ఒక తాడుకు ముడి వేయడం నా పని. నడుమ ఒక వారం పశువులకు గాలికుంటు రోగం వచ్చిందని అంగడి పెట్టలేదు. అంగడే లేనప్పుడు ముడి ఎందుకని నేను వేయలేదు. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఏడో ముడి పడిన రోజు బయలుదేరాం. కొంత నడక, కొంత బస్సు, దారిలో తెలిసినవాళ్లింట్లో పడక. పొద్దున్నే గుడి చేరేసరికి వాకిలి నిండా జనం. కొత్త బట్టలు, రంగు కాగితాల తోరణాలు, పైన నక్షత్రం. మా బాపు మొహం వెలిగిపోయింది. గేటు దగ్గర నిలబడిన ఒకాయనకు చేతులు జోడించి క్రిస్మస్ వందనాలు చెప్పాడు.

“ఏ అడవిల ఉంటవ్ తమ్మీ? క్రిస్మస్ అయ్యి వారమాయె. ఇయ్యాల కొత్త సంవత్సరం,” అన్నాడు ఆయన.

పక్కవాళ్లంతా నవ్వారు. బాపు నా చేతిలోని తాడు తీసుకుని చూశాడు. ముడులు ఏడూ ఉన్నాయి. అంగడి పెట్టని వారం నాకు అప్పుడు గుర్తొచ్చింది. చెప్పేశాను. బాపు కొట్టలేదు. కొడితేనే బాగుండేది. అవ్వ పిల్లవాణ్ణి ఒళ్లో వేసుకుని మెట్ల మీద కూలబడింది.

సంగతి విని పాస్టరయ్య వచ్చాడు. దీనికింత బాధ ఎందుకు, ఈరోజే బాప్తిస్మం ఇచ్చి పేరు పెడతానన్నాడు. అవ్వ తల అడ్డంగా ఊపింది.

“క్రిస్మస్ నాడని దేవునికి మాటిచ్చిన అయ్యా. మాట తప్పి పేరు పెడితే పోరడు దక్కుతడా?”

 పాస్టరయ్య వెనకే వాళ్ల అమ్మ వచ్చింది. మంత్రసాని పని చేసిన మనిషి. గుడి చుట్టూ ఉన్న కాలనీలో సగంమంది పిల్లలు ఆమె చేతుల్లోనే పుట్టారట. ఆమె నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

“మీ తమ్ముడు పుట్టిన్నాడు సూడనీకి ఎవలొచ్చిండ్రు బిడ్డా?”

పక్కింటోళ్లని చెప్పాను.

“మరి దూరపు సుట్టాలు?”

వాళ్లు తర్వాత వచ్చారన్నాను.

“ఆలస్యమాయెనని మీ అవ్వ తలుపు పెట్టుకున్నదా?”

లేదన్నాను. అదే సంగతి అంటూ ఆమె నిదానంగా చెప్పింది. క్రిస్మస్ అంటే బిడ్డ పుట్టిన ఇల్లు. ముందున్న నాలుగు ఆదివారాలు నెలలు నిండుతున్న తల్లి ఎదురుచూపు లాంటివి. బిడ్డ పుట్టిన రాత్రి దగ్గర్లో ఉన్న గొర్రెల కాపరులు వచ్చారు. చుక్కను చూసి బయలుదేరిన జ్ఞానులది దూరదేశం, వాళ్లు చేరేసరికి రోజులు పట్టింది. అందుకే పెద్దలు పండుగను పన్నెండు రోజులు నిలిపి, పదమూడో నాడు జ్ఞానుల పండుగ చేశారు. ఒక్క రోజుకే తలుపు మూసేస్తే ఆ దూరం నుంచి వచ్చినవాళ్లు ఎటు పోవాలి?

తర్వాత నా తాడు తీసుకుని, రెండో కొస నుంచి క్రిస్మస్ మొదలు రోజుకో ముడి వేసి, నన్నే లెక్కపెట్టమంది. ఎనిమిది వచ్చాయి. ఆమె అప్పుడు అవ్వ వైపు తిరిగింది.

“ఎనిమిదో నాడే యేసయ్యకు పేరు పెట్టిండ్రు. నువ్వు నీ కొడుకును సరిగ్గ పేరు పెట్టే రోజుకే తెచ్చినవ్. ఇంక ఏడ్సుడెందుకు? లే.”

అవ్వ లేచింది. ఆ పూటే, నవ్విన జనమంతా చూస్తుండగా మా తమ్ముడికి పేరు పడింది. అదేమిటో ఇక్కడ రాయను, వాడికి నచ్చదు. ఇప్పుడు మనవళ్లను ఆడించుకుంటున్నాడు.

పెళ్లయ్యాక నేను ఆ కాలనీకే వచ్చాను. ఇరవై ఆరో తారీఖునే నక్షత్రం దించి అటక మీద పడేసేవాళ్లను చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఆ మాట మొహం మీదే అంటాను. మా ఇంట్లో జనవరి ఆరో తారీఖు, జ్ఞానుల పండుగ దాకా పిండివంటలు ఉంటాయి. ఎప్పుడొచ్చినా పెడతాను, ఎందుకు ఆలస్యమైందని మాత్రం అడగను.

నలభై ఆరేళ్ల వయసులో మా కాలనీలో పెద్దవాళ్లకు బడి పెడితే పలక పట్టుకుని పోయాను. ముసలిదానికి ఇప్పుడు ఓనమాలేమిటని వాడకట్టు ఆడవాళ్లు నవ్వారు. నవ్వుకోనిచ్చాను. అక్షరాలు కూడుకోవడం వచ్చాక మొదట తెరిచింది బైబిల్లో లూకా రెండో అధ్యాయం. వేలు పెట్టి, ఒక్కో మాటా కూడుకుంటూ, ఎనిమిదో దినాన ఆ బిడ్డకు పేరు పెట్టిన చోటు దాకా నేనే చదివాను. మధ్యాహ్నమంతా పట్టింది. పట్టనీ అనుకున్నాను.